డెబియన్ మీద జెన్: పీవీ వీఎంలకు ఇంకా చోటుందా?

తీర్పు ముందే చెప్పేస్తాం. ఒకే సర్వర్ మీద పది పదిహేను లినక్స్ వీఎంలు (వర్చువల్ మెషీన్లు) నడపాలి, మౌస్‌తో నొక్కే ప్యానెల్ అక్కర్లేదు, ఎల్‌వీఎం (డిస్కుని వాల్యూములుగా పంచేది) అన్నా బ్రిడ్జ్ (వీఎంలను నెట్‌వర్క్‌కి కలిపే సాఫ్ట్‌వేర్ స్విచ్) అన్నా భయం లేదు అనుకునేవాళ్లకు డెబియన్‌లో దొరికే జెన్ హైపర్‌వైజర్ (వీఎంలను నడిపే అడుగు పొర) ఇప్పటికీ గట్టి సరుకే. అయితే జెన్‌కు పేరు తెచ్చిన పీవీ మోడ్‌ని, అంటే పారావర్చువలైజేషన్‌ని, కొత్త వీఎంలకు వాడమని మాత్రం చెప్పలేం. అవే టూల్స్‌తో, దాదాపు అదే కాన్ఫిగ్ ఫైలుతో, ప్రాసెసర్‌లోని వర్చువలైజేషన్ సదుపాయాన్ని వాడుకునే పీవీహెచ్ అనే మోడ్ ఉంది. పీవీ ఇక ప్రత్యేక అవసరాలకే.

పీవీలో గెస్ట్ (అంటే వీఎం) కెర్నెల్‌కి తాను అసలు హార్డ్‌వేర్ మీద లేనని ముందే తెలుసు. డిస్కు, నెట్‌వర్క్ పనులన్నీ షేర్డ్ మెమరీ ద్వారా డామ్0కి, అంటే హోస్ట్‌ని చూసుకునే మొదటి లినక్స్‌కి, అప్పగిస్తుంది. నకిలీ మదర్‌బోర్డు, నకిలీ ఫ్లాపీ డ్రైవ్ లాంటివేవీ ఉండవు. అందుకే 2015లో నకిలీ హార్డ్‌వేర్ చూపే క్యూఈఎంయూ సాఫ్ట్‌వేర్ ఫ్లాపీ కంట్రోలర్‌లో వెనమ్ అనే లోపం బయటపడినప్పుడు పీవీ గెస్టులకు ఏమీ కాలేదు. ప్రాసెసర్‌లో వర్చువలైజేషన్ సదుపాయం లేకున్నా పీవీ నడుస్తుంది. కేంబ్రిడ్జ్ యూనివర్సిటీలో పుట్టిన జెన్ 2003లో పరిశోధన పత్రంగా వచ్చేనాటికి ఎక్స్86 ప్రాసెసర్లలో ఆ సదుపాయమే లేదు కాబట్టి, అప్పట్లో ఇది మామూలు విషయం కాదు.

ఇప్పుడు లెక్క మారింది. 64 బిట్ పీవీలో గెస్ట్ కెర్నెల్, దాని యూజర్ ప్రోగ్రాములు రెండూ రింగ్ 3లోనే, అంటే ప్రాసెసర్ అతి తక్కువ అధికారం ఇచ్చే స్థాయిలోనే, ఉంటాయి. ప్రతి సిస్టమ్ కాల్ హైపర్‌వైజర్ గుమ్మం తొక్కి, పేజీ టేబుల్ (మెమరీ అడ్రస్‌ల పట్టిక) మార్చుకుని వెళ్లాలి. 2018 జనవరిలో మెల్ట్‌డౌన్ అనే ప్రాసెసర్ లోపం బయటపడ్డాక, 64 బిట్ పీవీ గెస్ట్ లోపలినుంచి హైపర్‌వైజర్ మెమరీని చదవొచ్చని తేలింది. దానికి వేసిన ఎక్స్‌పీటీఐ అనే అడ్డుకట్ట వల్ల ఆ దారి ఇంకా నెమ్మదించింది. పైగా గెస్ట్ పేజీ టేబుళ్లను హైపర్‌వైజరే తనిఖీ చేసే కోడ్ చాలా చిక్కుముడి. 2015లో బయటపడిన ఎక్స్‌ఎస్‌ఏ-148 లోపం (ఎక్స్‌ఎస్‌ఏ అంటే జెన్ భద్రతా ప్రకటన) ఏళ్ల తరబడి అందులోనే దాక్కుంది. ఇలాంటివి వరసగా రావడంతో జెన్ మీద నడిచే క్యూబ్స్ ఓఎస్ 2018లో తన 4.0 వెర్షన్‌తో మామూలు వీఎంలను పీవీ నుంచి తప్పించింది. లినక్స్ కూడా 5.9 కెర్నెల్‌తో 32 బిట్ పీవీ గెస్టులకు మద్దతు తీసేసింది.

ఇక ఇన్‌స్టాలేషన్. ఇందులో డెబియన్‌కి మంచి మార్కులే వేయాలి. డెబియన్ 12లో జెన్ 4.17, డెబియన్ 13లో 4.20 ఉన్నాయి. జెన్-సిస్టమ్-ఏఎండీ64 అనే మెటా ప్యాకేజీని యాప్ట్‌తో వేస్తే హైపర్‌వైజర్, ఎక్స్‌ఎల్ టూల్స్ (వీఎంలను నిర్వహించే కమాండ్లు) వస్తాయి. బ్రిడ్జ్-యుటిల్స్, జెన్-టూల్స్ (వీఎంలు తయారుచేసేవి) విడిగా వేసుకోవాలి. కెర్నెల్ విడిగా కట్టుకునే బాధ లేదు, 2011లో లినక్స్ 3.0 నుంచి డామ్0 మద్దతు మామూలు కెర్నెల్‌లోనే ఉంది. రీబూట్ చేశాక ఎక్స్‌ఎల్ లిస్ట్ కొడితే డొమైన్-0 అన్న ఒక్క వరుస కనబడాలి. అది రాకుండా ఎర్రర్ వచ్చిందంటే గ్రబ్ (బూట్ లోడర్) మెనూలో జెన్ ఎంట్రీకి బదులు మామూలు లినక్స్ ఎంట్రీ ఎక్కిందన్నమాట.

ఆ రీబూట్‌కి ముందే చేయాల్సిన పని ఒకటుంది, ఎక్కువమంది వదిలేసేదీ ఇదే. ఏమీ చెప్పకపోతే డామ్0 మొత్తం ర్యామ్‌ని తన కిందే పెట్టుకుని, వీఎం పుట్టినప్పుడల్లా కొంచెం కొంచెం వదులుతుంది. ఆ వదలడం మధ్యలో బెడిసికొడితే వీఎం స్టార్ట్ అవ్వదు, లేదా డామ్0లోనే మెమరీ కరువై ప్రాసెస్‌లు చచ్చిపోతాయి. గ్రబ్ డీఫాల్ట్ ఫైలులో జెన్ కమాండ్ లైన్ వరుసకు డామ్0_మెమ్ విలువగా 2048 ఎంబీ ఇచ్చి, దాని పక్కనే మ్యాక్స్ విలువ కూడా 2048గా రాయండి. మ్యాక్స్ రాయకపోతే డామ్0 కెర్నెల్ మొత్తం ర్యామ్‌కి సరిపడా పేజీ లెక్కల పట్టికలు బూట్‌లోనే కట్టేసుకుంటుంది. 256 జీబీ ఉన్న సర్వర్‌లో అది వందల ఎంబీలు కాదు, జీబీల్లోకి వెళ్తుంది. డామ్0_మ్యాక్స్_వీసీపీయూస్ (డామ్0కి ఇచ్చే వర్చువల్ సీపీయూల సంఖ్య) విలువ 2 లేదా 4 ఇస్తే చాలు. తర్వాత అప్‌డేట్-గ్రబ్ కమాండ్ కొట్టండి. డామ్0_మెమ్ ఇచ్చారంటే ఎక్స్‌ఎల్ ఆటోబెలూన్ (డామ్0 నుంచి ఇలా మెమరీ వదిలించే ఏర్పాటు) దానంతటదే ఆగిపోతుంది. జెడ్‌ఎఫ్‌ఎస్ లాంటి ఫైల్ సిస్టమ్ డామ్0లో పెట్టేవాళ్లకు 2 జీబీ చాలదు, కనీసం 4 ఇవ్వాలి.

పాత డెబియన్‌లలో అప్‌డేట్-గ్రబ్ నడిచినప్పుడల్లా వేరే ఓఎస్‌లు ఉన్నాయేమో వెతికే ఓఎస్-ప్రోబర్ అనేది వీఎంల డిస్కులను కూడా తెరిచి చూసేది. నడుస్తున్న వీఎం డిస్కుని హోస్ట్ కూడా మౌంట్ చేస్తే జరిగేది ఫైల్ సిస్టమ్ పాడవడమే. గ్రబ్ 2.06 నుంచి అది మామూలుగా ఆఫ్‌లోనే ఉంటుంది. అయినా ఏ వెర్షన్‌లోనైనా ఆ ప్యాకేజీని పూర్తిగా తీసేయడమే నయం. హోస్ట్‌కి దానితో పనేముంది?

నెట్‌వర్క్ దగ్గరే జెన్ కొత్తవాళ్లను ఎక్కువ ఏడిపిస్తుంది. తప్పు జెన్‌ది తక్కువ, బ్రిడ్జ్‌ని అర్థం చేసుకోకపోవడంది ఎక్కువ. జెన్‌బీఆర్0 అనే బ్రిడ్జ్ కట్టి, ఫిజికల్ కార్డుని దానికి పోర్టుగా చేర్చి, ఐపీ అడ్రస్‌ని కార్డు మీద కాక బ్రిడ్జ్ మీద పెట్టాలి. రెండింటి మీదా పెట్టినా, కార్డు మీదే వదిలేసినా కనెక్షన్ పోతుంది. దూరంగా ఉన్న సర్వర్ అయితే కన్సోల్ దారి చేతిలో ఉన్నప్పుడే ఈ మార్పు చేయండి. అద్దె సర్వర్లలో ఇంకో చిక్కు: చాలా హోస్టింగ్ కంపెనీలు తాము నమోదు చేసిన మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు సంఖ్య) తప్ప వేరేది కనబడితే పోర్టు మూసేస్తాయి. అక్కడ బ్రిడ్జ్‌తో పట్టుబట్టకండి. వాళ్లు ఇచ్చే వర్చువల్ మ్యాక్ తీసుకోండి, లేదా విఫ్-రూట్ స్క్రిప్టుతో రూటింగ్ పద్ధతికి మారండి. సొంత నెట్‌వర్క్ అయితే జెన్‌కి కేటాయించిన 00:16:3ఈ తో మొదలయ్యే మ్యాక్‌ని కాన్ఫిగ్‌లో మీరే రాసేయండి. రాయకపోతే వీఎంని కొత్తగా క్రియేట్ చేసినప్పుడు అది మారిపోవచ్చు, ఐపీలు పంచే డీహెచ్‌సీపీ ఇంకో అడ్రస్ చేతిలో పెట్టొచ్చు.

వీఎం లేచింది, ఐపీ చేత్తో ఇస్తే పింగ్ పోతోంది, డీహెచ్‌సీపీ మాత్రం అందడం లేదంటే చెక్‌సమ్ ఆఫ్‌లోడ్‌ని (ప్యాకెట్‌ని సరిచూసే సంఖ్య లెక్కని కార్డుకి వదిలేయడాన్ని) అనుమానించండి. ఒకే హోస్ట్‌లోని వీఎంల మధ్య ప్యాకెట్లు చెక్‌సమ్ పూర్తిగా నింపకుండానే తిరుగుతాయి. అది చూసి కొన్ని పాత క్లయింట్లు పాడైన ప్యాకెట్ అనుకుని పారేస్తాయి. ప్యాకెట్ పంపే వైపు ఈథ్‌టూల్‌తో టీఎక్స్ ఆఫ్‌లోడ్ ఆపితే సరిపోతుంది. అసలు ఏ ట్రాఫిక్కూ బ్రిడ్జ్ దాటడం లేదంటే, డామ్0లో ఎవరో డాకర్ (కంటైనర్లు నడిపేది) వేసి ఉంటారు. అది బ్రిడ్జ్ ప్యాకెట్లను ఐపీటేబుల్స్ ఫైర్‌వాల్ మీదుగా మళ్లించి, ఫార్వర్డ్ చెయిన్‌ని డ్రాప్‌కి మారుస్తుంది. డామ్0లో డాకరే కాదు, వెబ్ సర్వర్ కూడా వేయకూడదు.

డిస్కులకు ఎల్‌వీఎం తప్ప వేరే మాట వద్దు. ఇమేజ్ ఫైలుతో నడుస్తుంది, కానీ ఫైల్ సిస్టమ్ మీద ఇంకో ఫైల్ సిస్టమ్ ఎక్కి వేగం తగ్గుతుంది. ఎల్‌వీఎంతో ఇంకో సుఖం ఏమిటంటే, డామ్0లో ఎల్‌వీఎక్స్‌టెండ్ చేసిన వెంటనే నడుస్తున్న గెస్ట్ కెర్నెల్ కొత్త సైజుని గుర్తిస్తుంది. లోపల రీసైజ్2ఎఫ్‌ఎస్ కొడితే చాలు, వీఎం ఆపనక్కర్లేదు. డిస్కుని జెన్-టూల్స్ పద్ధతిలో పార్టిషన్ టేబుల్ లేకుండా ఎక్స్‌వీడీఏ2గా నేరుగా ఇచ్చినప్పుడే ఇంత సులువు. నడుస్తున్న వీఎం వాల్యూమ్‌ని డామ్0లో మౌంట్ చేయకూడదన్నది మాత్రం మరవకండి. మౌంట్ అయి ఉన్న వాల్యూమ్‌తో వీఎంని లేపబోతే జెన్ స్క్రిప్టు ఆపుతుంది. వీఎం లేచాక మీరు మౌంట్ చేస్తే ఆపే నాథుడు లేడు.

వీఎం తయారీకి జెన్-క్రియేట్-ఇమేజ్ చక్కని సాధనం. హోస్ట్‌నేమ్, ఐపీ, గేట్‌వే, సైజు, మెమరీ, స్వాప్, ఎల్‌వీఎం గ్రూపు పేరు, డిస్ట్రిబ్యూషన్ పేరు ఇస్తే రెండు వాల్యూములు చేసి, డెబూట్‌స్ట్రాప్‌తో బేస్ సిస్టమ్ వేసి, ఈటీసీ కింద జెన్ డైరెక్టరీలో కాన్ఫిగ్ ఫైలు పెట్టేస్తుంది. అందులో పైగ్రబ్ (గెస్ట్ డిస్కులోని కెర్నెల్‌తోనే బూట్ చేయించేది) ఆప్షన్ తప్పకుండా ఇవ్వండి. ఇవ్వకపోతే గెస్ట్ బూట్ అయ్యేది డామ్0లో ఉన్న కెర్నెల్‌తో. హోస్ట్‌లో పాత కెర్నెల్ తీసేసిన రోజు, కాన్ఫిగ్‌లో రాసిన ఫైలే లేక వీఎం లేవదు. లేచినా లోపలి మాడ్యూల్స్ వెర్షన్ కలవక ఫైర్‌వాల్ రూల్స్ లోడ్ అవ్వవు. గెస్ట్ తన కెర్నెల్‌ని తానే అప్‌డేట్ చేసుకోవడం పద్ధతి.

పైగ్రబ్‌కీ ఒక మచ్చ ఉంది. అది డామ్0లో నడుస్తూ గెస్ట్ ఫైల్ సిస్టమ్‌ని చదువుతుంది. లోపలివాడు కావాలని పాడుచేసిన ఫైల్ సిస్టమ్ ఇస్తే దెబ్బ తగిలేది డామ్0కే. 2023లో వచ్చిన ఎక్స్‌ఎస్‌ఏ-443 సరిగ్గా ఇలాంటిదే. వీఎంలన్నీ మీవే అయితే ఫర్వాలేదు. బయటివాళ్లకు ఇచ్చేవైతే గ్రబ్-జెన్-హోస్ట్ ప్యాకేజీ వేసి, అందులోని గ్రబ్ ఇమేజ్‌ని కాన్ఫిగ్‌లో కెర్నెల్‌గా చూపండి. అప్పుడు గ్రబ్ గెస్ట్ లోపలే నడుస్తుంది.

రోజువారీ నిర్వహణ అంతా ఎక్స్‌ఎల్ చేతిలోనే. క్రియేట్‌కి సీ ఆప్షన్ కలిపితే బూట్ మొత్తం కన్సోల్‌లో కనబడుతుంది. బయటికి రావడానికి కంట్రోల్‌తో పాటు మూసే చదరపు బ్రాకెట్ నొక్కాలి. కన్సోల్ ఖాళీగా ఉంటే గెస్ట్ కెర్నెల్ లైనులో కన్సోల్ పేరు హెచ్‌వీసీ0 అని ఉందో లేదో చూడండి. లిస్ట్‌లో వీఎం పక్కన బీ అని కనబడితే కంగారు వద్దు, పనిలేక కూర్చుందని అర్థం. డిస్ట్రాయ్ అంటే కరెంటు తీగ పీకడమే, అది ఆఖరి అస్త్రం. మెమ్-సెట్‌తో మెమరీ పెంచాలంటే కాన్ఫిగ్‌లో మ్యాక్స్‌మెమ్ ముందే రాసి ఉండాలి. కాన్ఫిగ్ ఫైలు మార్చి గెస్ట్ లోపల రీబూట్ కొట్టి, ఏమీ మారలేదేంటి అని తల పట్టుకునేవాళ్లు కోకొల్లలు. ఎక్స్‌ఎల్ ఆ ఫైలుని క్రియేట్ సమయంలోనే చదువుతుంది. రీబూట్‌కి తన దగ్గర దాచుకున్న పాత కాపీనే వాడుతుంది. షట్‌డౌన్ చేసి మళ్లీ క్రియేట్ చేయాలి.

లోడ్ పెరిగినప్పుడు వీఎం డిస్కు పనులన్నీ బిగుసుకుపోయి, లాగ్‌లో ఏమీ దొరకకపోతే గ్రాంట్ ఫ్రేములు (గెస్ట్ డామ్0తో పంచుకునే మెమరీ లెక్క రాసే పేజీలు) అయిపోయాయేమో చూడాలి. కొత్త కెర్నెళ్లు డిస్కుకి, నెట్‌వర్క్‌కి ఒక్కో వీసీపీయూకి ఒక్కో క్యూ తెరుస్తాయి. డిస్కులు, వీసీపీయూలు ఎక్కువైతే పాత డీఫాల్ట్ 32 ఫ్రేములు చాలవు. జెన్ కమాండ్ లైనులో జీఎన్‌టీట్యాబ్_మ్యాక్స్_ఫ్రేమ్స్ విలువ 256 చేస్తే ఈ బాధ తీరుతుంది.

హోస్ట్ రీబూట్‌తో పాటు వీఎంలూ లేవాలంటే కాన్ఫిగ్ ఫైలుకి ఆటో డైరెక్టరీలో లింకు పెడితే సరి. ఆగేటప్పుడు జరిగేదే ఇబ్బంది. డెబియన్‌లో జెన్‌డొమైన్స్ స్క్రిప్టు వీఎంలను షట్‌డౌన్ చేయకుండా, వాటి మెమరీని వార్ డైరెక్టరీ కింద ఫైళ్లుగా సేవ్ చేస్తుంది. 60 జీబీ మెమరీ వాడుతున్న వీఎంలకు 20 జీబీ వార్ పార్టిషన్ ఏ మూలకి? డీఫాల్ట్ ఫైలులో జెన్‌డొమైన్స్_సేవ్ విలువ ఖాళీ చేస్తే మామూలుగా షట్‌డౌన్ అవుతాయి. ఈ డీఫాల్ట్ మాకు నచ్చలేదు.

లైవ్ మైగ్రేషన్ ఉంది, ఎస్‌ఎస్‌హెచ్ మీదే నడుస్తుంది. కానీ డిస్కుని అది మోయదు, రెండు హోస్ట్‌లకూ కనబడే స్టోరేజ్ ఉండాలి. వెబ్ ప్యానెల్, బ్యాకప్ షెడ్యూలు కావాలంటే జెన్ మీదే కట్టిన ఎక్స్‌సీపీ-ఎన్‌జీ చూడండి. విండోస్ గెస్టులు కావాలంటే, లేదా టీమ్‌కి ఇప్పటికే లిబ్‌వర్ట్ (వీఎంల నిర్వహణ టూల్) అలవాటైతే, లినక్స్ కెర్నెల్‌లోనే ఉన్న కేవీఎం హైపర్‌వైజర్ వైపు వెళ్లడమే తేలిక. డామ్0 మెమరీ, గ్రాంట్ ఫ్రేములు లాంటి గొడవలు అక్కడ లేవు.

పాత పీవీ వీఎంలని పీవీహెచ్‌కి మార్చడం భయపడినంత పని కాదు. ముందు ఎక్స్‌ఎల్ ఇన్ఫోలో వర్ట్_క్యాప్స్ వరుస చూడండి. హెచ్‌వీఎం, హ్యాప్ (ప్రాసెసర్ వర్చువలైజేషన్ సదుపాయం ఉందని చెప్పే పేర్లు) రెండూ లేకపోతే బయాస్‌లో వర్చువలైజేషన్ ఆన్ చేయాలి. జెన్‌ని నడిపే సర్వరే ఇంకో కంపెనీ ఇచ్చిన వీఎం అయి, వీఎంలో వీఎం నడిపే నెస్టెడ్ సదుపాయం లేకపోతే అక్కడ పీవీ తప్ప గతి లేదు, పీవీ అసలు అవసరం మిగిలింది ఎక్కువగా అలాంటి చోటే. గెస్ట్ కెర్నెల్ 4.11 గానీ ఆ పైది గానీ అయి ఉండాలి. ఎల్‌వీఎం స్నాప్‌షాట్ తీసుకుని, వీఎం ఆపి, కాన్ఫిగ్‌లో టైప్ విలువ పీవీహెచ్ అని రాసి క్రియేట్ చేయండి. డిస్కు పేర్లు, హెచ్‌వీసీ0, పైగ్రబ్ అన్నీ అలాగే పనిచేస్తాయి. గ్రబ్-జెన్-హోస్ట్ ఇమేజ్ వాడేవాళ్లు మాత్రం అదే ప్యాకేజీలో పేరు చివర పీవీహెచ్ అని ఉన్న 32 బిట్ ఇమేజ్‌కి మారాలి. పాతదాన్నే వదిలేస్తే వీఎం మొదలవ్వకుండానే ఆగిపోతుంది. పీసీఐ కార్డుని నేరుగా తీసుకున్న వీఎంలను ఈ మార్పులో కలపకండి, పీవీహెచ్‌లో ఆ సదుపాయం లేదు.