లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దుకాణాలు: సిలబస్‌లో లేని పుస్తకం కావాల్సిన పిల్లల కోసం

విజయవాడలో పిల్లలకు చదివే అలవాటు చేయాలంటే ఎక్కడికి తీసుకెళ్లాలని ఎవరైనా అడిగితే నేను మొదట చెప్పేది లెనిన్ సెంటర్. ఏలూరు రోడ్డు మీద, అలంకార్ సెంటర్‌కు దగ్గర్లో ఉండే పాత పుస్తకాల దుకాణాలు. నేను సింగ్ నగర్ వైపు ఒక మున్సిపల్ హైస్కూల్లో తెలుగు చెబుతాను. సెలవు రోజుల్లో తొమ్మిదో తరగతి పిల్లలను నలుగురైదుగురు చొప్పున, ఇంట్లో చెప్పి, అక్కడికి తీసుకెళ్తుంటాను. గైడ్ల కోసం వెళ్లేవాళ్లకు ఈ రివ్యూ పెద్దగా ఉపయోగపడదు.

అక్కడ ముందు వరసలో కనిపించేవన్నీ పరీక్షల పుస్తకాలే. డీఎస్సీ, గ్రూప్స్, బ్యాంకు, ఇంటర్ మెటీరియల్. పిల్ల కనపడగానే "ఏ క్లాసమ్మా? గైడా, టెస్ట్ పేపర్లా?" అంటారు. "కథల పుస్తకాలు కావాలి బాబాయ్" అంటే లోపల అడుగున ఉన్న కట్టలు చూపిస్తారు. మొహమాటపడకుండా ఆ కట్టల దగ్గర కూర్చోవాలి. వారపత్రికల్లో వచ్చిన సీరియల్‌ని ఎవరో వారం వారం చింపి దాచుకుని, బైండు చేయించుకున్న పుస్తకాలు దొరుకుతాయి. వెనకటి డిటెక్టివ్ నవలలు దొరుకుతాయి. అదృష్టం బాగుంటే మాస్కోలో తెలుగులో అచ్చయిన రాదుగ ప్రచురణ సంస్థ వారి పిల్లల పుస్తకాలు కూడా. సోవియట్ యూనియన్ 1991లో పోయాక అలాంటి బొమ్మలు, అలాంటి కాగితం ఆ ధరకు మళ్లీ రాలేదు. చందమామ పాత సంచికలకు మాత్రం గిరాకీ ఎక్కువ. 1947లో మొదలైన ఆ పత్రిక ఇప్పుడు అచ్చులో లేదు కాబట్టి, సేకరించేవాళ్లు కొంటారని దుకాణదారులకు తెలుసు. వాటి మీద బేరం సాగదు.

మామూలు కథల పుస్తకం 30, 40 రూపాయలకు వస్తుంది. ఈ ధర వల్ల జరిగే మేలు గురించి కాస్త వివరంగా చెప్పాలి. 250 రూపాయలు పెట్టి కొత్త పుస్తకం కొనిస్తే, "అంత డబ్బు పోశాం, చదివావా లేదా" అని ఇంట్లో రోజూ అడుగుతారు. పిల్లవాడు నచ్చకపోయినా మోస్తాడు, లేదా చదివానని అబద్ధం చెబుతాడు. 30 రూపాయల పుస్తకం నచ్చకపోతే పదో పేజీలో ఆపేయవచ్చు. నచ్చని పుస్తకాన్ని ఆపేసే హక్కు ఉంటేనే పిల్లలకు తమకేం నచ్చుతుందో తెలుస్తుందని నేను గట్టిగా నమ్ముతాను. అందుకే మా పిల్లలు ఒక్కొక్కరు ఒక నోటు పుస్తకం పెట్టుకున్నారు. అందులో మూడే సంగతులు: ఏం చదివాను, ఎక్కడ ఆపాను, తర్వాత ఏం కావాలి. పేజీల లెక్క నేను అడగను. లెక్క అడిగితే సన్నటి పుస్తకాలే ఏరుకుంటారు.

ఆ నోటు పుస్తకాల్లో ఉన్నవి కొన్ని, వాళ్లను అడిగే ఇక్కడ రాస్తున్నాను. ఒకబ్బాయి: "దెయ్యం కథ అనుకుని కొన్నాను. చివరికి దెయ్యం కాదు, మేనమామ. ఇలా మోసం చేసే పుస్తకాలు వద్దు. నిజం దెయ్యాలున్నవి కావాలి." తనకేం కావాలో ఇంత స్పష్టంగా చెప్పిన పిల్లవాడు, అంతకుముందు "నీకు ఏ పుస్తకాలిష్టం?" అంటే తల దించుకునేవాడు. ఒకమ్మాయి జూన్‌లో "ఈ ఏడాది 50 పుస్తకాలు" అని రాసుకుంది. దసరా సెలవుల తర్వాత దాన్ని తనే కొట్టేసి, "ఒకే రచయిత్రివి మూడు చదవాలి. మొదటి దాంట్లో నచ్చింది మిగతావాటిలో కూడా ఉందో లేదో చూడాలి" అని మార్చుకుంది. ఆ మాట చదివి నాకు కడుపు నిండింది. ఇంకొకడు తను ఎప్పుడు చదువుతున్నాడో గమనించుకున్నాడు: "రాత్రి నిద్రొస్తోంది. పొద్దున్నే నీళ్ల ట్యాంకర్ దగ్గర లైన్లో నిలబడినప్పుడు బాగా సాగుతోంది."

2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి మా వైపు ఇళ్లలోకి నీళ్లు వచ్చినప్పుడు పిల్లల పుస్తకాలన్నీ నానిపోయాయి. పాఠ్యపుస్తకాలు మళ్లీ ఇచ్చారు. కథల పుస్తకాలు మళ్లీ చేరింది ఎక్కువగా ఈ కట్టల్లోంచే.

ఇక లోపాలు. పుస్తకం కొనేముందు చివరి పేజీ ఉందో లేదో చూడండి. పాత పుస్తకాల్లో ఫారాలు విడిగా కుట్టి ఉంటాయి. ఒక ఫారం అంటే ఎక్కువగా 16 పేజీలు. దారం తెగితే అది మొత్తంగా జారిపోతుంది. మా అబ్బాయి ఒకడు కొన్న డిటెక్టివ్ నవల్లో హంతకుడు దొరికే ఫారమే లేదు. వెనక్కి తీసుకెళ్తే ఆ దుకాణాయన "చూసుకుని కొనాలి కదమ్మా" అన్నాడు తప్ప మార్చలేదు. పిల్లవాడి ముందు అలా అనడం నాకు బాధ కలిగించింది. పక్కనే ఇంకో దుకాణంలో పెద్దాయన మాత్రం, చదివి తెచ్చిస్తే సగం ధరకు తీసుకుంటానని పిల్లలు అడగకముందే తనంతట తనే చెప్పాడు. మనిషిని బట్టి ఉంటుంది. ఇంగ్లిష్ నవలలు కొనేటప్పుడు అచ్చు మసగ్గా, కాగితం పల్చగా ఉంటే దొంగ అచ్చు కాపీ అని అనుమానించండి. అవి వద్దు. నిలబడి చూసుకోవడానికి చోటు తక్కువ, వెనకే బండ్లు పోతుంటాయి. చిన్న పిల్లలైతే చెయ్యి వదలకండి. వానాకాలంలో పుస్తకాల మీద పట్టా కప్పేస్తారు, వెళ్లినా దండగ.

లైబ్రరీ ఉండగా ఇదెందుకని అడిగేవాళ్లున్నారు. లైబ్రరీకీ వెళ్లాలి. అయ్యంకి వెంకటరమణయ్య గారు గ్రంథాలయ ఉద్యమం నడిపిన ఊరు ఇది, 1911 నుంచీ రామమోహన గ్రంథాలయం ఉన్న ఊరు. 1935లో పాతూరి నాగభూషణం గారు గుంటూరు జిల్లాలో కాలువ మీద పడవలో పుస్తకాలు తీసుకెళ్లి పల్లెలకు ఇచ్చారు. మా బడి చుట్టుపక్కల అలా వచ్చే పడవా లేదు, కథల పుస్తకం అమ్మే కొట్టూ లేదు. పిల్లలే ఫ్లైఓవర్ దాటి రావాలి. పైగా సొంత పుస్తకం ఉంటే మార్జిన్లో రాసుకోవచ్చు, తమ్ముడికి ఇవ్వొచ్చు. జనవరిలో జరిగే పుస్తక మహోత్సవం కొత్త పుస్తకాలు చూడటానికి మంచిది కానీ, అది ఏడాదికోసారి.

వెళ్లేవాళ్లకు: జూన్, జులైల్లో పాఠ్యపుస్తకాల రద్దీ, కథల కట్టలు విప్పే ఓపిక ఎవరికీ ఉండదు. వేసవి సెలవుల మొదట్లో, పొద్దున పూట వెళ్లండి. రైల్వే స్టేషన్ నుంచి నడిచి వెళ్లిపోవచ్చు. చిల్లర దగ్గరుంచుకుంటే పిల్లలే సొంతంగా బేరం చేసుకుని డబ్బిస్తారు. ఎంపిక కూడా వాళ్లనే చేసుకోనివ్వండి, మీరు రెండడుగులు వెనక నిలబడండి. నా రేటింగ్ ఐదుకు నాలుగు. దుకాణదారులు ఒక్కొక్కరు ఒక్క అట్టపెట్టెడు పిల్లల పుస్తకాలను ముందుకు తెచ్చి, గైడ్ల పక్కన పెడితే ఆ ఐదోది కూడా ఇస్తాను. సగం ధరకు తీసుకునే పెద్దాయనను అడిగాను, ఈ వేసవికి పెడతానన్నారు.