ముందు బండి ఎక్కడ పడుకుంటుందో చూడండి

శ్రీకాకుళంలో మేం దిగిన లాడ్జి పేరు రాయను, రాస్తే గొడవ. ఆన్‌లైన్‌లో విశాలమైన పార్కింగ్ అని ఫోటో పెట్టారు. గది 1,299 అన్నారు. తీరా వెళ్తే రథసప్తమి రద్దీ అని 1,600 చేశారు. సరే, అరసవల్లి పక్కనే ఉంది, ఈ రోజుల్లో రేట్లు పెరుగుతాయి, అది మా తెలివితక్కువతనం. రథసప్తమి వారంలో గది ఖరారు చేసుకోకుండా ఆ ఊరు వెళ్ళకండి. నా కోపం గది మీద కాదు, సెల్లారు మీద. సెల్లారు నిండా పెళ్ళి వంటల డేగిసాలు, షామియానా గొట్టాలు. బండి రోడ్డు మీద పెట్టుకోమన్నాడు మేనేజరు.

"కుదరదండీ, అది మా స్నేహితుడి బండి" అన్నాను.

వాడు అద్దంలోంచి ఓసారి బయటికి చూసి, "పాత బండే కదండీ, ఎవుడు పట్టుకెల్తాడు?" అన్నాడు.

ఆ మాటకి నాతో వచ్చిన ఇంకో స్నేహితుడు, మా మాస్టారి ముఖం చూడాలి. ఇరవై ఎనిమిదేళ్ళుగా పిల్లలకి లెక్కలు చెప్తున్న మనిషి, గొంతు పెంచి ఎరగడు. ఆ రోజూ పెంచలేదు. సంచి తీసుకుని మెట్లెక్కేశాడు, అంతే.

ఆ బండి 1987 మోడల్ ఎజ్డీ రోడ్‌కింగ్ మోటార్‌సైకిల్. మా పదో తరగతి బ్యాచ్‌లో దాని పేరే ఆ బండి స్నేహితుడి పేరు. అసలు పేరుతో పిలిస్తే వాడు పలికేవాడు కాదు. 1992లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. 1996లో మైసూరు ఫ్యాక్టరీ ఎజ్డీలు తయారుచేయడం ఆపేశాక, సామాన్ల కోసం పాత ఇనుము కొట్ల చుట్టూ తిరిగేవాడు. నిరుడు పోయాడు. బండి పిచ్చోడు పోయాడనగానే అందరూ యాక్సిడెంటా అని అడిగారు. కాదు. ఇంట్లో, పొద్దున్న పేపరు చదువుతూ, కుర్చీలో. ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారి కూడా బండి మీంచి పడని మనిషి.

ఏడాది తద్దినం అయ్యాక వాళ్ళావిడ నాకు తాళాలు ఇచ్చింది. "అన్నయ్యా, ఓసారి తిప్పి తెండి. ముఖలింగం తీసుకెళ్తానని మిమ్మల్ని ముప్ఫై ఏళ్ళు తిప్పేరట కదా." నిజమే. ప్రతి సంక్రాంతికీ అనేవాడు, ప్రతి సంక్రాంతికీ ఏదో అడ్డం వచ్చేది. కొత్త బ్యాటరీ, ప్లగ్గు, కార్బురేటర్ శుభ్రం చేయించడం అన్నీ కలిపి 2,350 అయింది. నాతో ఎవరొస్తారా అనుకుంటుంటే మాస్టారు వస్తానన్నాడు. నాకు ఆశ్చర్యం. వాళ్ళిద్దరికీ చివరి రెండేళ్ళూ మాటల్లేవు. ఇరవై వేల చేబదులు గొడవ. ఎవరు ఎవరికి ఇచ్చారో ఇక్కడ అనవసరం.

విజయనగరం నుంచి నాతవలస దగ్గర హైవే ఎక్కి, రణస్థలం, ఎచ్చెర్ల మీదుగా శ్రీకాకుళం. రోడ్డు గురించి చెప్పడానికేం లేదు. పెట్రోలు బంకు గురించి చెప్పాలి. ఈ బండికి పెట్రోల్లోనే ఆయిల్ కలపాలి. బంకు కుర్రాడికి అది తెలీదు, డీజిలు పోస్తున్నామని కంగారుపడ్డాడు. అర లీటరు టూటీ ఆయిల్ 190 పెట్టి కొన్నాం, కొలత ఎలా అని టూల్ బాక్స్ తెరిస్తే గ్రైప్ వాటర్ సీసా ఒకటి దొరికింది. దాని మీద ఎర్ర గోళ్ళరంగుతో ఒక గీత. లీటరుకి ఒక గీత. గోళ్ళరంగు కూతురిదై ఉంటుంది. మాస్టారు ఆ సీసా పట్టుకుని గీత దగ్గరికి ఆయిల్ పోస్తూ, లాబ్‌లో పిల్లాడిలా కన్ను దగ్గర పెట్టుకుని చూశాడు.

ఇంక ఆ రాత్రి. వాచ్‌మన్‌కి బండి చూసుకోమని 50 ఇచ్చాను. పదకొండుకి చూస్తే వాచ్‌మన్ లేడు. అయినా నాకు పెద్ద టెన్షన్ లేదు. ఎజ్డీకి కిక్ రాడ్డూ గేరు రాడ్డూ ఒకటే. లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్కు, స్టార్టయ్యాక ముందుకి దించితే గేరు. తెలీనివాడు కిక్ రాడ్డు ఎక్కడుందా అని వెతుక్కోవాలి. "దొంగ ఎతుక్కునేలోపు తెల్లారిపోద్దిరా" అనేవాడు మావాడు. అయినా సరే, ఏ ఊరెళ్ళినా వాడు ముందు గది చూసేవాడు కాదు. "బండి ఎక్కడ పడుకుంటాదో చూడండ్రా ముందు, మన సంగతి తరవాత" అని సెల్లారులోకి దిగేవాడు.

ఒంటిగంటకి మెలకువ వస్తే పక్క మంచం ఖాళీ. కిటికీలోంచి చూశాను. వీధి దీపం కింద, రిసెప్షన్లోని ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, మఫ్లరు చుట్టుకుని, బండి పక్కన మాస్టారు. నేను పిలవలేదు. మళ్ళీ నాలుగింటికి చూసినా అక్కడే ఉన్నాడు. పొద్దున్న అడిగితే, "గదిలో దోమలురా" అన్నాడు. రోడ్డు మీద దోమలు లేవు కాబోలు.

ఖాళీ చేసేటప్పుడు మేనేజరు అడిగిన ప్రశ్న: "సార్, కుర్చీ ఒకటి కనపడ్డం లేదు, మీరే తీశారా?"

రెండోరోజు బాగా గడిచింది. శ్రీకూర్మంలో రెండు ధ్వజస్తంభాలు, ఆవరణలో నక్షత్ర తాబేళ్ళు. పొద్దున్నే వెళ్ళండి, ఖాళీగా ఉంటుంది. శాలిహుండం కొండ ఎక్కడానికి మాస్టారు మోకాళ్ళు నొప్పులన్నాడు కానీ ఎక్కాడు. ఆ బౌద్ధారామాన్ని 1919లో వెలుగులోకి తెచ్చింది గిడుగు రామమూర్తి గారు. పైనుంచి వంశధార, ఎండలో గుండ్రటి ఇటుకల స్తూపాలు, ఎవరో చక్రాలు విప్పి నేల మీద పరిచినట్టు. నీళ్ళు తీసుకెళ్ళండి, పైన ఏమీ దొరకదు. కళింగపట్నంలో లైట్‌హౌస్ వెనక వీధిలో ఒకావిడ ఇంటి అరుగు మీద భోజనం పెట్టింది. మనిషికి 120. కానాగంత చేపల పులుసు, పైన ఇంత ఎండుచేప వేపుడు. విజయనగరంలో నాలుగు వందలు పెట్టినా ఆ పులుసు రాదు. మాస్టారు మూడోసారి అన్నం పెట్టించుకుని, రెండ్రోజుల్లో మొదటిసారి తనంతట తాను మాట్లాడాడు: "వాడుంటే ఇక్కడే పడుకునేవాడు."

ఆ రాత్రి నరసన్నపేటలో చిన్న లాడ్జి. 600. ఏసీ లేదు, తువ్వాలు పలచన, బాత్రూం గొళ్ళెం సరిగా పడదు. కానీ ముసలాయన యజమాని బండి చూసి ఏమీ అడక్కుండా మెట్ల కింద పెట్టించి, ఆయిల్ కారుతుందని అడుగున గోనెసంచి పరిచాడు. "ఇవి కారతాయి బాబూ, నాకు తెల్సు." ఎవరైనా నన్ను అడిగితే అక్కడికే పంపిస్తాను. ఆ రాత్రి మాస్టారు గురకపెట్టాడు.

శ్రీముఖలింగంలో మధుకేశ్వరుడి గుడి శిల్పాల గురించి నేను రాయక్కర్లేదు, వెళ్ళి చూడండి. ఒకప్పుడు తూర్పు గాంగుల రాజధాని, ఇప్పుడు వంశధార ఒడ్డున నెమ్మదైన పల్లె. గుడి ముందు బండి ఆపి, ఇద్దరం కాసేపు దానికి కాపలా ఉన్నట్టు నిలబడ్డాం. దర్శనానికి వంతులవారీగా వెళ్ళాం.

మొత్తం 290 కిలోమీటర్లు, పెట్రోలు 1,210.

తిరుగు ప్రయాణంలో నాతవలస దగ్గర మాస్టారు తాను నడుపుతానన్నాడు. నాకు భయమే వేసింది, అయినా వెనక కూర్చున్నాను. కిక్ రాడ్డు తడుముకోకుండా తిప్పాడు, రెండో కిక్కుకే పట్టింది. వాడి వీధి మలుపు తిరగ్గానే చెయ్యి కిందికి పోనిచ్చి పెట్రోలు ట్యాప్ కట్టేశాడు. కార్బురేటర్లో ఉన్న చుక్కలతోనే ఇంటిదాకా పోవాలి. అది వాడి అలవాటు, సరిగ్గా గేటు దగ్గర ఇంజను ఆగాలి.

"నీకెలా తెలుసురా?" అన్నాను.

"94లో నేర్పేడు" అన్నాడు వెనక్కి తిరక్కుండా.

గేటుకి ఇరవై గజాల ముందే ఆగిపోయింది. దిగి ఇద్దరం తోశాం.