ఎగిరే సీగల్స్ ఫొటోలకు ఉదయం మేలా, సాయంత్రం మేలా?

చలికాలంలో కాకినాడ తీరానికి వలస వచ్చే సీగల్స్‌లో గోధుమ తల సీగల్స్ ఎక్కువగా కనిపిస్తాయి. లడఖ్, టిబెట్ పీఠభూముల్లోని సరస్సుల దగ్గర పిల్లలను పెంచి, చలి ముదిరే లోపు ఇవి మన తీరానికి దిగివస్తాయి. వీటిని ఎగురుతుండగా ఫొటో తీయాలనుకునేవారు ముందుగా అడిగేది లెన్స్ గురించే. చేపల రేవులో ఈ పక్షులు మనిషికి అంతగా బెదరకుండా బాగా దగ్గరకు వస్తాయి కనుక, 400 మిల్లీమీటర్ల వరకు వెళ్లే మామూలు జూమ్ లెన్స్ ఇక్కడ సరిపోతుంది. మనం వెళ్లే వేళకు ఎండ ఏ దిక్కున ఉంటుంది, గాలి ఏ దిక్కు నుంచి వీస్తుంది అన్న రెండు విషయాలు ఫొటోను లెన్స్ కంటే ఎక్కువగా మారుస్తాయి.

సీగల్ గాలికి ఎదురుగానే లేస్తుంది, గాలికి ఎదురుగానే వాలుతుంది. గాలి గట్టిగా ఉన్నప్పుడు దానికి ఎదురు నిలిచి, గాలిలో ఒకేచోట ఆగిపోయినట్టు కూడా కనిపిస్తుంది. అందువల్ల ఫొటో తీసేవారికి ఎండా గాలీ రెండూ వీపు వైపు నుంచి వస్తే అంతకంటే కావలసింది లేదు. అప్పుడు పక్షి మనకు ఎదురుగా వస్తుంది, దాని ముఖం మీద వెలుగు పడుతుంది. చిక్కేమిటంటే, మనది తూర్పు తీరం. ఉదయం సూర్యుడు సముద్రం వైపు ఉంటే గాలి నేల మీది నుంచి వీస్తుంది. మధ్యాహ్నం దాటాక సూర్యుడు నేల వైపు వాలితే గాలి సముద్రం మీది నుంచి వస్తుంది. రోజంతా ఎండది ఒక దారి, గాలిది మరో దారి. ఈ విషయంలో పశ్చిమ తీరం వారు అదృష్టవంతులు, ఉదయం పూట ఒడ్డున నిలబడి సముద్రం వైపు చూస్తే వారికి రెండూ వెనుక నుంచే అందుతాయి.

అయితే చలికాలంలో ఈ లెక్క కొంత మారుతుంది, ఉదయం సాయంత్రాల మధ్య అసలు తేడా అక్కడే బయటపడుతుంది. డిసెంబరులో కాకినాడ దగ్గర సూర్యుడు సరిగ్గా తూర్పున కాక, సుమారు 24 డిగ్రీలు దక్షిణానికి జరిగి ఉదయిస్తాడు, అంతే మేర దక్షిణానికి జరిగి అస్తమిస్తాడు. ఆ రోజుల్లో ఈశాన్య రుతుపవనాల ప్రభావం ఉంటుంది కనుక పగటి గాలి చాలావరకు ఈశాన్యం నుంచి వీస్తుంది. సాయంత్రం నాలుగు గంటలకు సూర్యుడు నైరుతిలో, గాలి ఈశాన్యంలో ఉంటాయి కాబట్టి అవి పూర్తిగా ఎదురెదురు. వెలుగు చక్కగా పడిన పక్షి మనకు తోక చూపిస్తూ సముద్రం వైపు సాగిపోతుంది. ఉదయం ఎనిమిది గంటలకు మాత్రం సూర్యుడు ఆగ్నేయంలో ఉంటాడు, గాలి వాయవ్యానికీ ఈశాన్యానికీ మధ్య ఎక్కడి నుంచో వస్తుంది. ఒక్కోరోజు అది ఎండకు పూర్తిగా ఎదురు తిరిగినా, ఉత్తరపు గాలి, ఈశాన్యపు గాలి వీచే రోజుల్లో పక్షి పక్క భాగం వెలుగులో ఉంటుంది, ముఖం కూడా కనిపిస్తుంది. ఇందుకు సముద్రానికి ఎదురుగా నిలబడే అలవాటు మానుకుని, ఎండ వీపున పడేలా వాయవ్యం వైపు తిరగాలి.

ఉదయం అంటే సూర్యోదయ సమయం అని మాత్రం నేను అనడం లేదు. డిసెంబరు మధ్యలో ఆరుంబావు దాటాక సూర్యుడు వస్తాడు, ఆ తర్వాత అరగంట సేపు తీసే ఫొటోలన్నీ ఎర్రని ఆకాశం మీద నల్లని పక్షి ఆకారాలే అవుతాయి. అవి అందంగానే ఉంటాయి కానీ, ఒకటి రెండు తీశాక మూడోది కొత్తగా ఏమీ చెప్పదు. ఏడున్నర నుంచి తొమ్మిది వరకు ఉండే సమయమే అసలైనది. ఎండ ఏటవాలుగా పడుతుంది కనుక రెక్క కింది భాగం కూడా వెలుగుతుంది. ఎదిగిన పక్షి లేత రంగు కన్ను, కంటి వెనుక ముదురు మచ్చ, ఎర్రని ముక్కు చివరి నలుపు, రెక్క కొసన నల్లని ఈకల మధ్య తెల్లని మచ్చలు విడివిడిగా కనిపిస్తాయి. పైగా ఇసుక ఇంకా వేడెక్కి ఉండదు. మధ్యాహ్నమంతా కాగిన ఇసుక మీదుగా దూరపు పక్షిని తీస్తే, కదిలే వేడి గాలి వల్ల ఈకల అంచులు చెదిరిపోతాయి, ఎంత ఖరీదైన లెన్స్ కూడా దాన్ని సరిచేయలేదు. ఉదయానికి ఉన్న ఇబ్బంది ఒకటే: ఏసీ గదిలోంచి తెచ్చిన లెన్స్ మీద తీరంలోని తేమ ఆవిరిలా పట్టేస్తుంది కాబట్టి, కెమెరాను బయటకు తీసే ముందు అరగంట పాటు సంచిలోనే ఉంచాలి.

ఎక్స్‌పోజర్ (ఫొటోకు ఎంత వెలుగు అందాలన్న లెక్క) విషయంలోనూ ఉదయమే సులువు. పక్షి ఒక క్షణం నీలాకాశం మీద, మరుక్షణం ముదురు నీటి మీద, ఆ వెంటనే తెల్లని నురగ మీద కనిపిస్తుంది. వెలుగును కొలిచే కెమెరా మీటర్ ఆ నేపథ్యాన్ని చూసి ప్రతిసారీ మాట మారుస్తుంది, నీటి మీద ఉన్నప్పుడు పక్షి రొమ్ము సున్నం కొట్టినట్టు తెల్లబోయి ఈకల జాడే మిగలదు. పక్షి మీద పడే ఎండ మాత్రం మారడం లేదు కనుక, అన్నీ మనమే పెట్టుకునే మాన్యువల్ మోడ్‌లో ఒకసారి అమర్చి వదిలేయడం మంచిది. ఎనిమిది గంటల ఎండకు ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) 400, అపెర్చర్ (లెన్స్ లోపలి రంధ్రం కొలత) ఎఫ్ 8, షట్టర్ వేగం సెకనులో 1600వ వంతు అనుకుని మొదలుపెట్టి, తెల్లని ఈకల్లో వివరం పోతోందేమో తెర మీద చూసుకోవాలి. ఎండ పెరిగే కొద్దీ షట్టర్ వేగాన్ని పెంచుతూ పోవచ్చు, అది రెక్కల కదలికను ఆపడానికి కూడా మంచిదే. సాయంత్రం ఇందుకు విరుద్ధంగా వెలుగు నిమిష నిమిషానికీ తగ్గుతుంది. ఒడ్డున సరుగుడు తోటలున్న చోట సూర్యాస్తమయానికి చాలా ముందే నీడ ఇసుక మీదికి వచ్చేస్తుంది, షట్టర్ వేగాన్ని కాపాడుకోవడానికి ఐఎస్ఓ పెంచుకుంటూ పోవాల్సి వస్తుంది.

ఉదయానికి మరో బలం బోట్లు. వేట నుంచి వచ్చిన బోట్ల దగ్గర వలలు దులిపి, చేపలు ఏరి, పనికిరానివి నీళ్లలోకి విసిరేటప్పుడు సీగల్స్ గుంపుగా దిగి, ఒకదాని నోటిదాన్ని మరొకటి లాక్కుంటూ గిరికీలు కొడతాయి. ఢిల్లీ యమునా ఘాట్‌లో పడవల మీంచి కారప్పూస విసిరి పక్షులను రప్పించే పద్ధతి చాలామందికి తెలుసు. ఆ ఫొటోలు ఎంత బాగున్నా, చేపలు తినే పక్షికి నూనెలో వేగిన పిండి పెట్టడం నాకు ససేమిరా నచ్చదు. రేవులో మనం ఏమీ విసరనక్కరలేదు, పని చేసుకుంటున్నవారికి అడ్డం రాకుండా నిలబడితే చాలు.

సాయంత్రం పనికిరాదని కాదు. పక్షి వీపు, రెక్కల పైభాగపు బూడిద రంగు కావాలనుకునేవారికి, దూరంగా సాగిపోయే గుంపులు కావాలనుకునేవారికి ఆ బంగారు వెలుగు ఉదయం కంటే బాగా పనికొస్తుంది. మార్చి వచ్చేసరికి తీర్పు కూడా మారుతుంది. అప్పటికి గాలి దక్షిణానికి, నైరుతికి తిరుగుతుంది, సూర్యుడు దాదాపు సరిగ్గా పడమరలో అస్తమిస్తాడు, అంటే సాయంత్రం ఎండా గాలీ కొంతవరకైనా ఒకే వైపుకు చేరతాయి. తిరుగు ప్రయాణానికి ముందు చాలా పక్షుల తలలకు గోధుమ రంగు వచ్చేదీ ఆ రోజుల్లోనే కాబట్టి, ఆ నెలలో ఒక్క పూటే వీలైతే నేను సాయంత్రం నాలుగున్నరకు వెళ్తాను, ఇసుక మీది వేడి గాలిని తప్పించుకోవడానికి నీటి అంచునే నిలబడతాను.