సెంట్రిఫ్యూజా, ఏఎన్‌ఎఫ్‌డీనా: ఏది మేలు?

సాల్వెంట్‌లో తయారైన మందు క్రిస్టల్స్‌ని వడకట్టి తీయడానికి ఏ మెషిన్ కొనాలి? జీడిమెట్ల, పాశమైలారం వైపు బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) యూనిట్లలో పనిచేసే తమ్ముళ్లు తరచూ అడిగే ప్రశ్నే ఇది. మొన్న మా దగ్గర కూడా ఇదే పంచాయితీ నడిచింది. అందరూ ఏఎన్‌ఎఫ్‌డీ (అడుగున జాలీ, లోపల కలియబెట్టే బ్లేడు ఉన్న మూత పాత్ర) అన్నారు, నేను సెంట్రిఫ్యూజే (గిర్రున తిరుగుతూ వడకట్టే బుట్ట) చాలన్నాను.

ఏఎన్‌ఎఫ్‌డీకి వంక పెట్టడం లేదు. వడకట్టడం, కడగడం, ఆరబెట్టడం అన్నీ ఒకే పాత్రలో, మూత తీయకుండా అయిపోతాయి. తడి కేకు (వడకట్టాక మిగిలే క్రిస్టల్ ముద్ద) తోడి ట్రేల్లో సర్దే పనీ, ఆ సాల్వెంట్ వాసనా మనుషులకు తప్పుతాయి. కొద్ది మోతాదుకే ఒంటి మీద పనిచేసే ఘాటు మందులైతే ఇక రెండో మాటే లేదు, అదే కొనండి.

కానీ అందులో బ్యాచ్ మొత్తం జాలీ మీద ఒకే పరుపులా కూర్చుంటుంది. చిక్కంతా అక్కడే. ప్రెజర్ అంతే ఉండి కేకు మందం రెట్టింపైతే వడకట్టే టైమ్ దాదాపు నాలుగింతలవుతుంది, క్రిస్టల్ సైజు సగమైతే అడ్డు కూడా ఇంచుమించు నాలుగింతలు. పెరుగు గుడ్డలో మూటకట్టి వేలాడదీస్తే మొదట ధారగా, తర్వాత చుక్కచుక్కగా కారదూ, అలా. మా క్రిస్టల్ సన్న సూదుల్లా ఉంటుంది, పైగా నొక్కితే అణిగిపోయే రకం. ట్రయల్‌లో నైట్రోజన్ ప్రెజర్ 2 బార్ నుంచి 3 బార్‌కి పెంచితే కేకు బిగుసుకుపోయిందే గానీ ఎంఎల్ (మదర్ లిక్కర్, అంటే క్రిస్టల్స్ నుంచి కారే ద్రవం) వేగం పెరగలేదు. దానికి తోడు బ్లేడు జాలీకి తగలకూడదు కాబట్టి అడుగున కొంత హీల్, అంటే బయటికి రాని కేకు పొర, మిగులుతుంది, తర్వాతి బ్యాచ్ దాని మీదే పడాలి.

సెంట్రిఫ్యూజ్‌లో అదే బ్యాచ్‌ని ఐదు లోడ్లుగా, బుట్ట గోడకి పలచటి పొరగా వేస్తాం. 48 అంగుళాల బుట్ట 900 ఆర్‌పీఎంలో తిరిగితే భూమ్యాకర్షణకి 550 రెట్ల బలం. కేకు ఇక్కడా అణుగుతుంది, కాకపోతే పొర పలచన కాబట్టి గడిచిపోతుంది. తలనొప్పులు లేకపోలేదు: తక్కువ స్పీడులో నిదానంగా ఫీడ్ ఇవ్వకపోతే బుట్ట ఊగుతుంది, బ్యాగులు చిరుగుతాయి. టోలీన్ లాంటి సాల్వెంట్ అయితే స్టాటిక్ కరెంటు రవ్వతో నిప్పంటుకునే భయం, అందుకే నైట్రోజన్ లోపలికి పట్టించి ఆక్సిజన్ తగ్గాకే మోటార్ తిరిగేలా ఇంటర్‌లాక్ ఉండాల్సిందే, ఇందులో బేరాల్లేవు.

ఫిల్టర్ ప్రెస్ ఈటీపీ (వ్యర్థజలాల శుద్ధి ప్లాంట్) బురదకి, స్పార్క్లర్ ఫిల్టర్ రంగు పోగొట్టడానికి వేసిన కార్బన్ తీయడానికి. వాటిని ఈ పోటీలోకి తేవద్దు.

కొటేషన్లు తెప్పించే ముందు ల్యాబ్‌లో చిన్న ప్రెజర్ ఫిల్టర్ మీద రెండు మందాలతో టైమ్ కొలవండి, రెండు ప్రెజర్లతోనూ చూడండి, ఒక పూట పని. మేమైతే ఆ తర్వాత కూలింగ్ నెమ్మది చేసి సీడ్ (ముందే తయారైన కొద్దిపాటి క్రిస్టల్) వేయడం మొదలుపెట్టాం, క్రిస్టల్ కాస్త లావెక్కింది, ఇప్పుడు పొర మందంగా వేసి మూడు లోడ్లలో ముగిస్తున్నాం. ఇంకాస్త లావెక్కిందంటే ఏఎన్‌ఎఫ్‌డీ ఫైలు మళ్లీ నేనే తీస్తాను.