యుద్ధం గడప దాకా వచ్చిన దేశంలో ఆరు రోజులు

రెండో ప్రపంచ యుద్ధంలో ఎవరితోనూ పోరాడని దేశంలో యుద్ధ జ్ఞాపకాలు వెతకడం ఏమిటని బయలుదేరే ముందు ఇంట్లో అడిగారు. 1942 నవంబరు నాటికి నాలుగు వైపులా అక్షరాజ్యాల సైన్యాలే నిలిచిన స్విట్జర్లాండ్‌కు ఆ యుద్ధం తనది కాదనుకునే వీలు ఎంతవరకు ఉండేదో చూడాలన్నదే నా ఉద్దేశం. ఆరు రోజుల్లో తిరిగిన చోట్లలో కొన్నింటికి పూటంతా ఇవ్వవచ్చు, కొన్నింటికి గంట చాలు.

లూసెర్న్‌లో పడవ ఎక్కడంతో యాత్ర మొదలైంది. ఫ్రాన్స్ లొంగిపోయిన నెల రోజులకు, 1940 జూలై 25న, స్విస్ సేనాధిపతి హెన్రీ గిజాన్ తన పైస్థాయి అధికారులను సరస్సు ఒడ్డున, స్విస్ దేశం పుట్టిన చోటుగా చెప్పుకునే రూట్లీ పచ్చికబయలుకు రప్పించి, దాడి జరిగితే ఆల్ప్స్ కొండల్లోకి వెనక్కి తగ్గి అక్కడి నుంచి పోరాడాలన్న నిర్ణయాన్ని వివరించాడు. ఆ అధికారులను తీసుకువెళ్లిన ‘ష్టాట్ లూసెర్న్’ ఆవిరి పడవ ఇప్పటికీ సరస్సు మీద తిరుగుతోంది. నాకు దొరికింది మరో పడవ. దానిలోనే ప్రయాణించాలనుకునేవారు ఆ రోజు ఏ పడవ నడుస్తుందో ముందే కనుక్కోవడం మంచిది. రూట్లీలో చూడడానికి గడ్డి, జెండా, నీళ్లు తప్ప పెద్దగా ఏమీ లేవు గనుక గంట సరిపోతుంది. స్విస్ ట్రావెల్ పాస్ ఉంటే పడవకు వేరే టికెట్ అక్కర్లేదు.

అదే పడవలో ఫ్లూలెన్ చేరి, సొరంగం గుండా ఆల్ప్స్ దాటి ఇటలీ వైపు వెళ్లే పాత గోథార్డ్ మార్గంలో రైలు ఎక్కాను. వాసెన్ ఊళ్లోని తెల్లటి చర్చి మొదట తలకు పైన, తర్వాత కళ్లకు ఎదురుగా, చివరికి కాళ్ల కింద కనిపించేలా పట్టాలు మెలికలు తిరుగుతాయి. పర్యాటకులు దానిని ఫొటోలు తీసుకుంటుంటే నాకు మరో సంగతి గుర్తొచ్చింది. యుద్ధకాలంలో జర్మనీ నుంచి ఇటలీకి బొగ్గు వెళ్లింది ఈ మార్గంలోనే. సొరంగాన్ని పేల్చేస్తామన్న బెదిరింపు ఒక చేతిలోనూ, ఆ సొరంగాన్ని తెరిచి ఉంచడం మరో చేతిలోనూ పట్టుకునే ఈ దేశం నెట్టుకొచ్చింది.

గోథార్డ్ కనుమ మీది ‘సాసో సాన్ గొట్టార్డో’ కోటకు ఆండెర్‌మాట్ నుంచి పసుపు రంగు పోస్టుబస్సు వేసవిలో మాత్రమే నడుస్తుంది. కొండను లోపలి నుంచి తొలిచి కట్టిన ఈ కోటను 2012లో మ్యూజియంగా తెరిచారు. పొడవైన సొరంగంలో చాలా దూరం నడిచాక, రాతి లోపలే పైకి పాకే చిన్న కొండరైలు ఫిరంగుల అంతస్తుకు చేరుస్తుంది. అక్కడి 15 సెంటీమీటర్ల ఫిరంగి, సైనికుల ఇనుప మంచాలు, తడి రాతి వాసన చూశాక, నెలల తరబడి ఎండ తగలకుండా శత్రువు కోసం ఎదురుచూడడం ఎలా ఉంటుందో కొంత అర్థమైంది. బయట ఆగస్టు ఎండ కదా అని స్వెట్టర్ తీసుకెళ్లని నేను రెండు గంటలు వణికాను. కోటలో నిర్వహణ, దారి చూపే ఏర్పాట్లు మెచ్చుకోదగ్గవే కానీ, జనం ఎక్కువగా మూగింది మాత్రం పక్క గదిలోని పెద్ద స్ఫటికాల చుట్టూ. మైదానాల్లోని పట్టణాలను, అంటే జనంలో అధికభాగాన్ని, వదిలేసి కొండల్ని కాపాడుకునే ఆ వ్యూహం గురించి అక్కడ నేను ఆశించినంత చర్చ కనిపించలేదు.

రాత్రి ఆ దగ్గర్లోనే ఒక హాస్టల్‌లో ఉన్నాను. పడక శుభ్రంగానే ఉంది కానీ, ఎనిమిది గంటలకే వంటగదికి తాళం వేయడంతో బ్రెడ్డుతో సరిపెట్టుకోవలసి వచ్చింది. కనుమ దాకా వెళ్లేవారు భోజనం వెంట తీసుకెళ్లడం మేలు.

ఈ యాత్రలో నన్ను అన్నింటికన్నా కదిలించినది షాఫ్‌హౌజెన్. జ్యూరిక్ నుంచి రైలులో గంటలోపే చేరవచ్చు. రైన్ నదికి ఉత్తర గట్టున ఉన్న ఈ పట్టణాన్ని 1944 ఏప్రిల్ 1న అమెరికన్ విమానాలు జర్మన్ ఊరనుకుని బాంబులతో కొట్టాయి. 40 మంది చనిపోయారు. ఆల్లెర్‌హైలిగెన్ మ్యూజియంలో ఉన్న పదహారో శతాబ్దపు చిత్రకారుడు తోబియాస్ స్టిమ్మర్ చిత్రాలూ కాలిపోయాయి. స్విట్జర్లాండ్‌లో జరిగిన ఇలాంటి నష్టాలకు 1949లో అమెరికా 6.2 కోట్ల ఫ్రాంకులకు పైగా చెల్లించింది. ఆ మ్యూజియానికి, పాత వీధులకు పూటంతా ఇవ్వాలి. నేను మూడు గంటలే ఉంచుకుని తప్పు చేశాను.

జ్యూరిక్‌లో ఒపేరా ముందున్న మైదానంలో కాసేపు కూర్చున్నాను. ఆహార కొరత నాడు ఇక్కడే పంట పండించారని తెలిసి వెళ్లాను కానీ, ఆ సంగతి చెప్పే బోర్డు నా కంటికి కనబడలేదు. కున్స్ట్‌హౌస్ అనే చిత్రశాల కొత్త భవనంలో ఎమిల్ బ్యూర్లె సేకరించిన చిత్రాలు చూడవలసినవే. నాజీ జర్మనీకి ఫిరంగులు అమ్మి సంపదను పెంచుకున్న మనిషి ఆయన. ఆ సంపద ఎక్కడిది, కొన్ని చిత్రాలు అసలు ఎవరివి అన్న ప్రశ్నల మీద రేగిన వివాదం తర్వాత ప్రదర్శనను మార్చారు.

ఆఖరి రోజు ఆస్ట్రియా సరిహద్దులోని డీపోల్డ్సౌకు కేటాయించాను. సెయింట్ గాలెన్ నుంచి రైలు, ఆ తర్వాత బస్సు. ఒక్క నిమిషం ఆలస్యం లేదు. 1938 ఆగస్టులో సరిహద్దు మూసేశాక కూడా పోలీసు అధికారి పాల్ గ్రూనింగర్ కాగితాల మీద పాత తేదీలు వేసి వందలాది యూదు శరణార్థులను లోపలికి రానిచ్చాడు. 1939లో ఉద్యోగం పోయింది, 1940లో కోర్టు శిక్ష వేసింది. 1972లో ఆయన పేదరికంలోనే చనిపోయాడు. ఆ తీర్పు 1995లో గానీ రద్దు కాలేదు. ఇరవై వేలకు పైగా శరణార్థులను దేశం సరిహద్దులోనే వెనక్కి పంపిందో, లోపలి నుంచి వెళ్లగొట్టిందో అయి ఉండాలని, యుద్ధకాలంలో స్విట్జర్లాండ్ నడిచిన తీరును పరిశోధించిన బెర్జియే కమిషన్ 2002లో తేల్చింది. కొండను తొలిచిన కోటకు రైలు, బస్సు, గైడు అన్నీ ఉన్నాయి. ఇక్కడ గ్రూనింగర్ పేరు పెట్టిన చిన్న వంతెన ఉంది.

దాని మీద నిలబడి ఉండగా ఈత ట్యూబులు భుజాన వేసుకున్న పిల్లలు రైన్ నది పాత పాయ నీళ్ల వైపు పరిగెత్తారు. వాళ్లు ఏ దేశం నుంచి వస్తున్నారో ఎవరూ అడగలేదు.