టోక్యోకి ఢిల్లీ మీదుగానా, సింగపూర్ మీదుగానా?

దూరం చూస్తే ఢిల్లీ దారే దగ్గర. హైదరాబాద్ నుంచి అటుగా టోక్యో సుమారు 7,100 కిలోమీటర్లు, సింగపూర్ మీదుగా 8,600 దాకా ఉంటుంది. వెళ్లేటప్పుడు గాల్లో గడిపేది ఢిల్లీ దారిలో దాదాపు 10 గంటలు, సింగపూర్ దారిలో పదకొండున్నర.

తిరుగు ప్రయాణంలో లెక్క మారుతుంది. పడమర నుంచి తూర్పుకి వీచే జెట్ స్ట్రీమ్ ఎదురుగా తగలడంతో టోక్యో-ఢిల్లీ విమానం, ముఖ్యంగా చలికాలంలో, 9 గంటలు దాటేస్తుంది. సింగపూర్ విమానం ఎక్కువగా దక్షిణానికి వెళ్తుంది కాబట్టి ఆ గాలి దెబ్బ తక్కువ, 7 గంటల చిల్లరలో దిగుతుంది. అంటే అక్కడి నుంచి హైదరాబాద్ విమానంలో గడిపే సమయం కూడా కలిపితే రెండు దారులూ ఇంచుమించు సమానం. పైగా ఢిల్లీలో మామూలుగా బెల్టు మీద సూట్‌కేసులు తీసుకుని, కస్టమ్స్ దాటి, హైదరాబాద్ విమానానికి మళ్లీ అప్పగించాలి. సింగపూర్‌లో ఒకే టికెట్ అయితే సామాను నేరుగా శంషాబాద్‌కే వస్తుంది. అమ్మానాన్నలకి టికెట్ తీసేవాళ్లకి నేను సింగపూరే చెబుతాను.