లిప్‌బామ్ డబ్బా వెనక ఏముంది: గంటస్తంభం నుంచి ఏడు రోడ్ల దాకా దొరికే సరుకు

విజయనగరం గంటస్తంభం దగ్గరి ఫ్యాన్సీ షాపుల్లో చూసినా, శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ చుట్టుపక్కల చూసినా, పెదాలకు రాసుకునే సరుకు అరడజను రకాలకు మించదు. పేర్లు, రంగులు, వాసనలే బోలెడు. ముందువైపు స్ట్రాబెర్రీ బొమ్మను వదిలేసి వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉండే పదార్థాల పట్టీలో మొదటి ఐదు పేర్లు చదివితే, ఆ వస్తువు ఏ పనికొస్తుందో చాలావరకు తేలిపోతుంది.

ఆ పేర్ల వరసకు ఒక నియమం ఉంది. కాస్మెటిక్స్ రూల్స్ 2020 ప్రకారం ఒక శాతానికి మించి ఉన్న పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకు రాయాలి. ఒక శాతం, ఆ లోపు ఉన్నవాటిని ఆ తర్వాత ఎలాగైనా రాసుకోవచ్చు. ఆ ఒక శాతం గీత ఎక్కడ పడిందో డబ్బా మీద ఉండదు గానీ, పట్టుకునే కిటుకు ఒకటుంది. సరుకు పాడవకుండా వేసే ఫినాక్సీఇథనాల్ అనే ప్రిజర్వేటివ్‌ను ఒక శాతం దాటి వాడకూడదు. కాబట్టి దాని తర్వాత కనిపించే కలబంద, తేనె, కుంకుమపువ్వు, బాదం నూనె ఏవైనా ఒక శాతం లోపే. అవి అట్ట మీద బొమ్మ వేసుకోవడానికి కలిపినవి. రెటినాల్, హైఅల్యూరానిక్ యాసిడ్ లాంటివి మాత్రం అంత తక్కువలోనే పనిచేస్తాయి, వాటికి ఈ లెక్క పెట్టకూడదు.

ఇక్కడే ఒక చిక్కు. 30 గ్రాముల లోపు ముద్దలకు, క్రీములకు, 60 మి.లీ. లోపు ద్రవాలకు ఈ పట్టీ తప్పనిసరి కాదని అదే నియమం మినహాయింపు ఇచ్చింది. లిప్‌బామ్ స్టిక్ ఉండేది నాలుగైదు గ్రాములు, లిప్‌స్టిక్ కూడా అంతే. అంటే నోట్లోకి పోయే వస్తువుకే పట్టీ లేకుండా అమ్ముకునే వీలుంది! పేరున్న కంపెనీలు చాలావరకు బయటి అట్ట మీద వేస్తాయి, అందుకని అట్ట వెంటనే పారేయకండి. పట్టీ గానీ, తయారీ లైసెన్సు నంబరు గానీ, బ్యాచ్ నంబరు గానీ లేనిది ఎంత చవకైనా పెదాలకు వద్దు.

మొదట అన్నిటికన్నా చవకది: పెట్రోలియం జెల్లీ. 1872లో రాబర్ట్ చీస్‌బ్రో అనే రసాయనవేత్త పేటెంటు తీసుకున్న వ్యాజిలిన్ ఇదే. పెదవి మీద పైపొర చాలా పలచన, చర్మంలో ఉండే నూనె గ్రంథులు అక్కడ దాదాపు ఉండవు, అందుకే నీరు తొందరగా ఎగిరిపోతుంది. ఆ నీటిని ఆపడంలో పెట్రోలాటంకి (ఈ జెల్లీకి పట్టీలో ఉండే పేరు) సాటి లేదు. చర్మం నుంచి ఆవిరయ్యే నీటిని ఇది 98 శాతం దాకా ఆపగలదని, మినరల్ ఆయిల్, సిలికోన్ లాంటివి 20-30 శాతం దగ్గరే ఆగిపోతాయని చర్మ వైద్యుల పుస్తకాల్లో తరచూ కనిపించే లెక్క. కానీ ఇది నీటిని ఆపుతుందే తప్ప ఇవ్వదు. ఎండిన పెదాల మీద రాసి ఫలితం లేదంటే లాభం లేదు. రాత్రి పడుకునే ముందు పెదాలు తడిపి, మెత్తటి గుడ్డతో అద్ది, ఆ తడి ఆరకముందే పెసరగింజంత రాయాలి. పొట్టు లేచి ఉంటే పీకకూడదు, రెండు మూడు రాత్రుల్లో అదే మెత్తబడి ఊడుతుంది. దీని లోపం జిడ్డు. హైవే మీద బండి నడిపేవాళ్లకు దుమ్మంతా పెదాలకే అంటుకుంటుంది, పగటికి మైనం ఎక్కువున్న స్టిక్ నయం. మందుల షాపులో "వైట్ సాఫ్ట్ పారాఫిన్ ఐ.పి." అని అడిగినా ఇదే సరుకు వస్తుంది. ధర పోల్చాలంటే ఎమ్మార్పీని గ్రాములతో భాగించండి. స్టిక్ గ్రాము ధర పక్కన జెల్లీ గ్రాము ధర పెట్టి చూస్తే మిగతాది చెప్పక్కర్లేదు.

ఆకుపచ్చ ట్యూబు బోరోలీన్ మన ఇళ్లలో అన్నిటికీ వాడేస్తారు. 1929 నుంచి కలకత్తాలో తయారవుతున్న ఈ క్రీములో బోరిక్ యాసిడ్, జింక్ ఆక్సైడ్, లానోలిన్ ఉంటాయి. మడమల పగుళ్లకు, మోచేతులకు మంచిదే. పెదాలకు రోజూ రాయడం మాత్రం సరికాదు. పెదాల మీద రాసింది కొంత కడుపులోకి పోతుంది, బోరిక్ యాసిడ్ మింగే పదార్థం కాదు. చంటిపిల్లల పెదాలకైతే అసలు వద్దు. లానోలిన్ గొర్రె ఉన్ని నుంచి తీసే మైనం, కొందరికి పడదు.

చల్లగా, చురుక్కుమనిపించే లిప్‌బామ్‌లు ఎక్కువ మందికి నచ్చుతాయి, ఎక్కువ మందిని ముంచేవీ అవే. మెంథాల్, కర్పూరం, పిప్పర్‌మింట్, దాల్చిన వాసనలు పగిలిన పెదవిని ఇంకా రేపుతాయి. కాసేపు హాయి, తర్వాత మంట, నాలుకతో తడపడం, మళ్లీ రాయడం. గంటకోసారి రాస్తున్నా పెదాలు ఎండుతున్నాయంటే ముందు ఈ పేర్లు ఉన్నాయేమో వెతకండి. పండ్ల రుచి ఉన్న రకాలదీ ఇదే తంతు. తియ్యగా ఉంటే పిల్లలు నాకుతూనే ఉంటారు, లాలాజలం ఆరే కొద్దీ పెదవి మరింత ఎండుతుంది. బామ్ మార్చినా తగ్గకపోతే టూత్‌పేస్టు వైపు చూడాలి. నురగ కోసం వేసే సోడియం లారిల్ సల్ఫేట్, ఘాటు మింట్, దాల్చిన రుచి కూడా పెదాల పొట్టు లేపుతాయి. నురగ తక్కువ ఉన్న పేస్టుకు రెండు వారాలు మారి చూస్తే తెలుస్తుంది. పెదాల మూలలు మాత్రమే చీలుతుంటే అది వేరే లెక్క: అక్కడ ఫంగస్ గానీ, రక్తహీనత, బి విటమిన్ల లోపం గానీ ఉండొచ్చు, ఏ బామూ పనిచేయదు.

"నేచురల్" అని రాసి ఉన్న వెన్నల రకం తీసుకుందాం: షియా బటర్, కోకో బటర్, కోకమ్ బటర్, తేనెమైనం. పట్టీలో తేనెమైనం "సెరా ఆల్బా", ఆముదం "రిసినస్ కమ్యూనిస్ సీడ్ ఆయిల్" అని ఉంటుంది. వాసన లేనిదైతే ఇవి మంచి రకాలే, జెల్లీ కన్నా సుఖంగా ఉంటాయి. మన ఎండలతోనే పేచీ. కోకో బటర్ 34-38 డిగ్రీల మధ్య కరుగుతుంది, మే నెలలో బండి డిక్కీలో పెడితే నీరై కారిపోతుంది. మళ్లీ గడ్డకట్టాక షియా రకం ఇసుక కలిసినట్టు గరుకుగా తయారవుతుంది. చెడిపోలేదు, అందులోని గట్టి కొవ్వు మెల్లగా చల్లారుతూ పలుకులు కట్టింది, అంతే. డబ్బాను వేడినీళ్లలో ఉంచి పూర్తిగా కరిగించి, వెంటనే ఫ్రిజ్‌లో పెడితే మళ్లీ నున్నగా వస్తుంది. ఎండాకాలానికి కొనేటప్పుడు పట్టీలో మైనాలు ముందున్నది చూసుకోండి. తేనెమైనం 62 డిగ్రీల పైన, కార్నౌబా మైనం 82 డిగ్రీల పైన గానీ కరగవు. లిప్‌స్టిక్ మీద చెమట బొట్లలా నూనె తేలడం కూడా ఈ వేడి పనే, తుడిచి చల్లటి చోట పెడితే చాలు.

పైడితల్లి జాతరలో గుట్టలుగా కనిపించే "మ్యాజిక్" లిప్‌స్టిక్ సంగతి. చూడ్డానికి ఆకుపచ్చ, నీలం, రాసుకుంటే గులాబీ. మన ఒంటి స్వభావాన్ని బట్టి రంగు మారుతుందంటారు, అది అబద్ధం. అందులో సాధారణంగా ఉండేది సి.ఐ. 45410 అనే రంగు (సి.ఐ. అంటే కలర్ ఇండెక్స్, రంగులకు ఇచ్చే నంబరు). నీరు లేని మైనంలో అది కనిపించదు, పెదవి తడి తగలగానే గులాబీ రంగుకు తిరుగుతుంది. ఎవరు రాసుకున్నా అటూఇటూగా అదే గులాబీ. ఇలాంటి రంగులు పెదవి పైపొరకే పడతాయి, తుడిచినా పోవు, కొందరికి పెదాల వాపు తెస్తాయి. పట్టీ లేని జాతర సరుకులో అయితే ఏ రంగు వేశారో కూడా తెలియదు. వద్దు.

మామూలు లిప్‌స్టిక్‌లో సి.ఐ. నంబర్లు 77491, 77492, 77499 అంటే ఇనుప ఆక్సైడ్లు, ఎర్ర, పసుపు, నలుపు. వీటితో ఇబ్బంది అరుదు. 75470 కార్మైన్, అది కోకినీల్ పురుగుల నుంచి తీసే ఎరుపు. శాకాహారం పట్టింపు ఉన్నవాళ్లు ఈ నంబరు గుర్తుపెట్టుకోవాలి.

డబ్బు ఎక్కువ పెట్టదగ్గది ఒక్కటే: ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే ఎస్‌పీఎఫ్ అంకె ఉన్న స్టిక్. కింది పెదవికి ఎండ నేరుగా తగులుతుంది. పొలం పనివాళ్లకు, కళింగపట్నం, భావనపాడు లాంటి చోట్ల వేటకెళ్లే మత్స్యకారులకు ఇది షోకు కాదు. ఎస్‌పీఎఫ్ 30 తక్కువ కాకుండా, జింక్ ఆక్సైడ్ లేదా టైటానియం డయాక్సైడ్ ఉన్నది చూడండి. ఎండను ఆపే రసాయనాలైన అవొబెంజోన్, ఆక్టినాక్సేట్ రెండే కలిసి ఉంటే ఎండలో ఒకదాన్నొకటి పాడుచేసుకుంటాయి, తోడుగా ఆక్టోక్రిలీన్ లాంటి స్థిరపరిచేది ఉండాలి. తిన్నా, తాగినా మళ్లీ రాయాలి. కింది పెదవి మీద మానని తెల్లమచ్చ, గరుకు ఉంటే బామ్ రాసి కప్పెట్టకుండా డాక్టరుకు చూపించాలి. చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే పెద్దవాళ్లు నోటి లోపల కూడా చూపించుకోవాలి.

మామిడికాయల రోజుల్లో వచ్చే పెదాల మంటకు బామ్‌ను నిందించకండి. మామిడి సొనలో, తొక్కలో ఉండే పదార్థాలు జీడిపిక్క నూనెలోని వాటికి చుట్టాలే. పలాస, కాశీబుగ్గ వైపు జీడిపిక్కలు ఒలిచి చేతులు పొక్కినవాళ్లకు సువర్ణరేఖ తొక్క కొరికినా పెదాలు పొంగొచ్చు. కాయ కడిగి, తొడిమ దగ్గర సొన కార్చేసి, తొక్క తీసి ముక్కలుగా తింటే చాలావరకు తప్పుతుంది.

ఇక ముఖానికి రాసేవి. ఆకుపచ్చ కలబంద జెల్ మీద నమ్మకం తగ్గించుకోవడం మంచిది. కలబంద గుజ్జుకు రంగే లేదు, ఆ పచ్చదనం సి.ఐ. 19140, 42090 కలిపితే వచ్చింది. చిక్కదనం కార్బోమర్ అనే చిక్కపరిచే పదార్థానిది. కలబంద పేరు ఫినాక్సీఇథనాల్ తర్వాత ఉంటే దాని వాటా ఎంతో పైనే చెప్పుకున్నాం. "పారబెన్ ఫ్రీ" కూడా గొప్ప కాదు. పారబెన్లు అలర్జీ చాలా తక్కువ తెచ్చే ప్రిజర్వేటివ్‌లు, అమెరికా కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ 2019లో వీటిని "నాన్ అలర్జెన్" అనే ప్రకటించింది. బదులుగా వేసే మిథైల్‌ఐసోథయజోలినోన్‌ను అదే సొసైటీ 2013లో ఆ ఏటి అలర్జెన్‌గా, అంటే అలర్జీ తెచ్చే పదార్థంగా ఎంచింది. కడగకుండా ఉంచుకునే క్రీములో ఆ పేరుంటే వదిలేయండి. నయాసినమైడ్ (బి3 విటమిన్ రకం) 5 శాతం సరిపోతుంది, 10 శాతం చాలామందికి మంట. విటమిన్ సి సీరం టీ రంగుకు తిరిగితే పారబోయండి.

కొత్తది ఏదైనా మోచేయి మడతలో రోజుకు రెండుసార్లు, వారం రోజులు రాసి చూశాకే ముఖానికి.

తెల్లబరిచే క్రీముల దగ్గర మాత్రం మొహమాటం వద్దు. వారంలో రంగు వస్తుందని చెప్పి, లైసెన్సు నంబరు లేకుండా అమ్మేవాటిలో పాదరసం ఉండే ప్రమాదం ఉంది. కలోమెల్, మెర్క్యురిక్, మెర్క్యురియో అన్న మాటలు, బంగారు, వెండి నగలకు తగలనివ్వొద్దన్న హెచ్చరిక దాని గుర్తులు. కంటి చుట్టూ రాసేవి తప్ప మిగతా కాస్మెటిక్స్‌లో పొరపాటున చేరిన పాదరసమైనా పది లక్షల్లో ఒక వంతు దాటకూడదు. ఇంకో రకం, మోమెటసోన్, హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ కలిపిన ట్యూబు. అది స్టెరాయిడ్ మందు, చీటీ లేకుండా ఏ షాపూ ఇవ్వకూడదు. మానగానే ముఖం ఎర్రబడి మండుతుంది కాబట్టి, నెలలుగా రాస్తున్నవాళ్లు డాక్టరు చెప్పినట్టే తగ్గించాలి.

పాదరసం చర్మం గుండా లోపలికి పోయి కిడ్నీలను దెబ్బతీస్తుంది. ఉద్దానం జబ్బుకు ఇదే కారణమని అనడం లేదు. కవిటి, సోంపేట, మందస వైపు ఇంటింటా కిడ్నీ భయం ఉన్నచోట దీన్ని ముఖానికి రాసుకోవడం మరీ చేటు. ఇప్పటికే వాడినవాళ్లు ఆపేసి, డబ్బా పారేయకుండా డాక్టరు దగ్గరకు తీసుకెళ్లి, మూత్రంలో ప్రొటీన్ పరీక్ష చేయించుకోవాలి.